నీడ పడని బల్బు

సాయంత్రం అయిదున్నర అయిందంటే ఆ ఇంట్లో గడియారంతో పని లేదు. భార్య తడిచేతులు తుడుచుకుంటూ గదిలోకి వచ్చి, ఆయన వీపు కింద చెయ్యి దూర్చి, ఒక్క ఊపులో కిటికీ వైపు తిప్పి, వెనక రెండు దిండ్లు కుక్కి, కాళ్ళ మీద దుప్పటి సర్దేది. తర్వాత గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని కోళ్ళ షెడ్డుకి వెళ్ళేది. మూడేళ్ళలో ఒక్క పూట తప్పలేదు. ఆయన తొంభై కిలోల మనిషి. ఆమె గట్టిగా గాలి వీస్తే గేటు పట్టుకుని నిలబడాల్సిన మనిషి. అయినా ఆ తిప్పడం చూస్తే ఎంతటి వస్తాదులైనా సిగ్గుపడి వేరే ఉద్యోగం వెతుక్కుంటారు.

ఆయన్ని అందరూ మైకు అంటారు. అసలు పేరు ఆస్పత్రి చీటీల మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. గొంతు అలాంటిది. వాకిట్లో నిలబడి "మేత అయిపోయింది" అంటే చాలు, రెండు మైళ్ళ అవతల ఉన్న దుకాణంలో బస్తాలు బండికెత్తేవాళ్ళు. ఆయన నవ్వితే పక్కింటి పెంకులు కదిలేవి. పొడుగు నిచ్చెన ఆఖరి మెట్టు మీద రెండు చేతులూ వదిలేసి నిలబడి, ఒక చేత్తో బల్బు మారుస్తూ రెండో చేత్తో బీడీ కాల్చుకోగల మొనగాడు భూమ్మీద తనొక్కడే అని ఆయన చెప్పుకునేవాడు. అది నిజమే. బీడీ వెలిగించబోయిన రోజే కింద పడ్డాడు.

పదమూడో బల్బు కింద పడ్డాడు. మెడకి దిగువన ఉన్నదేదీ అప్పట్నుంచి ఆయన మాట వినలేదు. మెడకి ఎగువన, ముఖ్యంగా నోటికి, వెంట్రుకంత దెబ్బ తగల్లేదు. డాక్టరు పాదాల్లో సూది గుచ్చి "తెలుస్తోందా?" అంటే, "ముందు మీ సూది మొన చూసుకోండి, మొద్దుబారిపోయుంటుంది" అన్నాడు.

ఆ రోజు మనిషిని నలుగురు మోసుకెళ్ళి వ్యానులో వేశారు. నీడ మాత్రం షెడ్డులోనే ఉండిపోయి, మిగిలిన వరస పూర్తి చేసింది.

అప్పట్నుంచీ అంతే. పొద్దు వాలాక భార్య మీట నొక్కగానే, మూడు వరసల్లో నలభై రెండు పాత బల్బులు పసుప్పచ్చగా వెలిగేవి. గుడ్లు పెట్టే కోళ్ళకి పగటి వెలుగు చాలదు, పదహారు గంటలు నిండాలంటే ఇంకో మూడు గంటలు దీపాలతో సాగదీయాలి. దీపాలు వెలగడం, గుమ్మం దగ్గర ఊక మీద ఆయన నీడ లేచి నిలబడడం ఒకేసారి జరిగేవి. భుజాల దగ్గర అదే వెడల్పు, ఎడమ కాలు కాస్త ఎత్తెత్తి వేసే అదే నడక. నాలుగు వేల కోళ్ళ మధ్య నుంచి నీడ తాపీగా నడిచేది. కోళ్ళు పాయ తీసినట్టు దారిచ్చి, వెనకాల మళ్ళీ కలుసుకునేవి. ఆ వైపు దాకా వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళేది. మూడు గంటల్లో అది నడిచే దూరానికి ఆరోగ్యంగా ఉన్న మనిషికి చెప్పులు రెండు జతలు అరగాలి.

మంచం మీద ఆయనకి ఆ నడకంతా అరికాళ్ళలో తెలిసేది. డాక్టరు సూది తెలియని కాళ్ళకి షెడ్డులో ఊక గరుకు తెలిసేది, నేల ఎక్కడ గుంటపడిందో తెలిసేది. ఆ తెలివితోనే ఆయన కిటికీలోంచి కోళ్ళఫారం నడిపించేవాడు.

"ఇదిగో, నాలుగో నీళ్ళ డ్రింకరు కారుతోంది."

భార్య వంగి చూసి, వలగోడ దగ్గరికొచ్చి చెప్పేది. "నాలుగోది పొడిగానే ఉందండీ."

"మధ్య వరసలో నాలుగోది. ఎడమ కాలు మడమ దాకా మునిగింది నాకు."

వెళ్ళి చూస్తే మడమ దాకా తడే ఉండేది. ఆమె మారుమాట్లాడకుండా మర బిగించేది. ఆమె రోజు మొత్తం మీద మాట్లాడే మాటల్ని ఒక టీ గ్లాసులో పోసినా ఇంకా టీకి చోటుంటుంది.

ఇలాగే నడిచిపోయేదే. ఈ ఏడు మళ్ళీ ఎండలు వచ్చాయి.

క్రితం ఏడు ఎండాకాలంలో ఒక సాయంత్రం, పొద్దు వాలినా సెగ దిగని వేళ, ఎనిమిది ఫ్యాన్లు తిరుగుతుండగా నలభై రెండు బల్బులు వేసేసరికి కరెంటు లాగలేక ఫ్యూజు ఎగిరింది. ఆమె తమ్ముడు ఎలక్ట్రీషియను. వాడు పరిగెత్తుకొచ్చి సరిచేసేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాల్లో మూడువందల పది కోళ్ళు నోళ్ళు తెరుచుకుని ఒరిగిపోయాయి. ఆ చావు వాసన నెల్లాళ్ళు ఇంట్లో కూరల్లోకి కూడా వచ్చింది. కరెంటాఫీసుకి వెళ్ళి పెద్ద లైను అడిగితే, వచ్చే ఏడు అన్నారు. ఈ ఏడు వెళ్ళి అడిగితే, చెప్పాం కదా వచ్చే ఏడని అన్నారు.

తమ్ముడు మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "బావా, లెక్క సులువే. ఒక్కో బల్బు అరవై వాట్లు మింగుతోంది. కొత్తవి ఏడు వాట్లతో అంత వెలుగూ ఇస్తాయి. బల్బులన్నీ కలిపి ఒక ఫ్యాను తినేంత కూడా తినవు. బల్బులు మారిస్తే ఫ్యాన్లు తిరుగుతాయి. మార్చకపోతే ఈసారి మూడొందలతో పోదు."

"పాత బల్బులే ఇంకో పెట్టె తీసుకురారా. ఫ్యాన్ల సంగతి నేను ఆలోచిస్తా."

"ఎక్కడ్నుంచి తెమ్మంటావ్? తయారుచెయ్యడమే మానేశారు. నాలుగు బజార్లు తిరిగాను. ఒకాయన అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు, తాతగారి ఫోటో పక్కన. అమ్మనన్నాడు."

మైకు భార్య వైపు చూశాడు. ఆమె దుప్పటి మడత పెడుతోంది. మడిచిందే మళ్ళీ విప్పి మడుస్తోంది.

"నువ్వేమంటావ్?"

"నేనేమంటానండీ," అంది. "కోళ్ళూ మీవే, కాళ్ళూ మీవే."

మర్నాడు తమ్ముడు పిలిపించిన బల్బులాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో నల్లపెట్టె, పెట్టెలో మెత్తటి దూదిలో పసిపిల్లల్లా పడుకోబెట్టిన బల్బులు. బల్బుల గురించి ఆయన మాట్లాడుతుంటే పిల్లకి సంబంధం చూస్తున్న తండ్రిలా గొంతు తగ్గిపోయేది. దీపాలు వేయించి, వెలుగు కొలిచే మీటరు తీసి, ఇస్త్రీ చొక్కాతోనే ఊకలో గొంతుక్కూర్చున్నాడు.

"కోడి తల ఎంత ఎత్తులో ఉంటుందో అక్కడ కొలవాలమ్మా. మనం నిలబడి చూసి బాగుంది అనుకుంటే సరిపోదు. చూడండి, ఇక్కడ ఇరవై రెండు. రెండడుగులు జరిగితే పన్నెండు. పాత బల్బులతో ఇదే గొడవ, అంతా మచ్చలు మచ్చలుగా ఉంటుంది." మీటరు అంకె ఉన్నట్టుండి అయిదుకి పడింది. తలెత్తి చూసి, "సార్‌ని కొంచెం పక్కకి జరగమనండమ్మా, రీడింగు మీద నిలబడ్డారు," అన్నాడు.

ఆమె వలగోడలోంచి కేకేసింది. "ఏమండీ, కాస్త పక్కకి రండి."

"నా చేతుల్లో ఉందా ఏమన్నా?" కిటికీలోంచి గర్జన. "వరస పూర్తయితేగానీ అది మలుపు తిరగదు. ఆయన్నే జరగమను."

బల్బులాయన మర్యాదగా జరిగాడు.

మూడు రకాలు చూద్దామన్నారు. రోజుకొక రకం, మధ్య వరసలో చివరి నాలుగు హోల్డర్లకి. మొదటి రోజు తెల్లటి బల్బులు పెట్టారు. ఆస్పత్రి వరండాలో వెలిగే రకం. నీడ వాటి కిందికి రాగానే సన్నబడి, నూలుపోగంతై, నీలంగా మారింది. మంచం మీద మైకుకి కాళ్ళు రెండూ ఎవరో పిండి ఆరేసినట్టనిపించింది. పైగా ఆ వెలుగులో కోళ్ళు ఒకదాన్నొకటి ఎగాదిగా చూసుకుని, ఇంతకాలం తెలియని లోపాలు తెలిసొచ్చినట్టు పొడుచుకోవడం మొదలుపెట్టాయి. వద్దనుకున్నారు.

రెండో రోజువి వెలుగుని గొట్టంలోంచి పోసినట్టు కిందికి పోసే బల్బులు. అబ్బ, వాటి కింద నీడ పడిందీ, నీడంటే అదీ. కాటుకతో గీసినట్టు, చొక్కా బొత్తాలు కూడా లెక్కపెట్టుకునేలా పడింది. మైకు మంచం మీద "ఇవే, ఇవే" అని అరిచిన అరుపుకి షెడ్డులో రెండు ట్రేల గుడ్లు చిట్లాయని చెప్పుకుంటారు. కానీ తెల్లారి చూస్తే, దీపానికీ దీపానికీ మధ్య మిగిలిన చీకటి మడుగుల్లో, గూళ్ళు వదిలేసి కోళ్ళు నేల మీదే గుడ్లు పెట్టేశాయి. తొక్కిడిలో సగం పగిలాయి. పగిలిన గుడ్డు రుచి మరిగిన కోడి ఇక మంచి గుడ్డుని కూడా వదలదు.

"ఇవి నగల దుకాణాలకి పెట్టేవమ్మా," అన్నాడు బల్బులాయన ఊకలోంచి పెంకులు ఏరుతూ. "సార్ ముచ్చటపడ్డారని తెచ్చాను."

మూడో రోజు బల్బులు చూడ్డానికేమీ లేవు. పాలగాజు బుర్రలు, దుమ్ము లోపలికి పోకుండా బిగుతు మూత, సాయంకాలపు ఎండలాంటి రంగు. వెలిగిస్తే వెలుగు పడినట్టే ఉండదు, నేల తనంతట తను తేటపడినట్టుంటుంది. మూలకి వెళ్ళి కొలిచినా ఇరవై, బల్బు కింద కొలిచినా ఇరవై. కోళ్ళు ఒక్కసారి తలలెత్తి చూసి, తమ పనిలో తాము పడ్డాయి.

"మా బల్బు గొప్పతనం ఇదేనమ్మా," బల్బులాయన గొంతు ఇంకా తగ్గించాడు. "దీని కింద నీడ పడదు."

ఆ వైపు నుంచి నీడ నడుచుకుంటూ వస్తోంది. కొత్త బల్బుల వెలుగు మొదలైన చోటికి వచ్చి ఆగింది. ఒక కాలు ముందుకి పెట్టింది. పెట్టిన కాలు లేదు. వెనక్కి తీసుకుంది.

మంచం మీద మైకుకి అడుగు వేసిన చోట నేల లేనట్టనిపించింది. నిచ్చెన మీంచి పడ్డప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు.

భార్య టీ పెట్టడానికి వంటగదిలోకి వెళ్ళింది. బల్బులాయన మంచం పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"నా డిమ్మరు కలిపి చూడండి," అన్నాడు మైకు.

ఆ డిమ్మరు కథ వేరు. దీపాలు టక్కున ఆరిపోతే కోళ్ళు ఎక్కడున్నవి అక్కడే గుడ్డివైపోతాయి, పడుకునే అరల మీదికి ఎక్కలేవు. పావుగంట సేపు వెలుగు మెల్లగా తగ్గాలి. అందుకోసం ఎక్కడో పాత నాటకాల హాలు పడగొడుతుంటే, స్టేజీ దీపాల పెట్టె సంపాదించి, ఆయన స్వహస్తాలతో తయారుచేసిన యంత్రం అది. మూడు పగళ్ళు మూడు రాత్రులు తిండి లేకుండా కూర్చుని చేశానని ఆయన అంటాడు. మధ్యాన్నం రెండు గంటలు పట్టిందనీ, అందులో రెండుసార్లు టీ తాగాడనీ బావమరిది అంటాడు.

బావమరిది కలిపాడు. పిడి సగానికి తిప్పాడు. కొత్త బల్బుల కింద, పల్చగా, పొగలాగ, నీడ మొలిచింది. సన్నగా వణుకుతోంది. అయినా నడిచింది. నాలుగు బల్బులూ దాటి గోడ తాకి వచ్చింది.

"చూశారా," అన్నాడు మైకు.

బల్బులాయన సర్దుకుని నిలబడ్డాడు. "సార్, అది పాత బల్బులకి చేసిన డిమ్మరు. మా బల్బుకి మా కంట్రోలరే పెట్టాలి. లేకపోతే వెలుగు కంటిరెప్పలా టపటపా కొట్టుకుంటుంది. మన కంటికి ఆనదు. కోడి కన్ను మనకంటే చురుకు, దానికి తెలిసిపోతుంది. మీరు కావాలంటే ఫోను కెమెరా బల్బుకి పెట్టి చూడండి, చారలు చారలుగా కనిపిస్తుంది."

"నా డిమ్మరుకి కొట్టుకోవడం తెలీదండీ. రాజుల ముందు నాటకాలకి వెలుగిచ్చిన పెట్టె అది."

"మీ ఇష్టం సార్."

భార్య టీ తెచ్చేసరికి మాట అయిపోయింది. మూడో రకమే ఖాయం, కంట్రోలరు అక్కర్లేదు, డిమ్మరు మనదే. ఆమె టీ గ్లాసు భర్త నోటికి అందిస్తూ, "అయితే రెండూ కుదిరాయన్నమాట," అంది. మూడేళ్ళలో మొదటిసారి ఆమె మొహం తేటపడింది. ఆ మొహం చూశాక మైకు నోట్లో ఇంకో మాట ఉన్నా అది టీతో పాటు లోపలికి దిగిపోయింది.

వారం తిరక్కుండా నలభై రెండూ మార్చారు. ఫ్యాన్లు ఎనిమిదీ ఏకధాటిగా తిరిగాయి. ఫ్యూజు దాని పెట్టెలో అది నిద్రపోయింది. నీడ రోజూ లేచింది, పొగలాగే అయినా లేచింది. నడిచింది.

కానీ మూడో రోజుకి కోళ్ళు తేడా చేశాయి. చిన్న చప్పుడుకి ఎగిరిపడడం, తోక ఈకలు పీక్కోవడం. గుడ్ల పెంకులు కాగితంలా పల్చబడ్డాయి. భార్య మేత మార్చింది, నీళ్ళ ట్యాంకు కడిగింది, పశువుల డాక్టర్ని పిలిచింది. ఆయన కోడిని తలకిందులుగా పట్టుకుని చూసి, నీళ్ళల్లో కలపమని ఎర్రటి మందిచ్చాడు. ఆమె రోజూ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో కోడినీ పట్టి చూసుకునేది. ఎందుకో తెలియక, చూసిన కోడినే మళ్ళీ చూసేది.

మైకుకి తెలుసు. అరికాళ్ళ కింద నేల పిండిమర మీద నిలబడ్డట్టు అదురుతోంది. మొదటి రోజు నుంచే అదురుతోంది. వెలుగు కొట్టుకుంటోందని ఈ భూమ్మీద కోళ్ళ తర్వాత తెలిసినవాడు ఆయనొక్కడే.

చెప్పలేదు. పుట్టిన్నాటి నుంచి మూయని నోరు మూసుకున్నాడు. మేత దుకాణం వాళ్ళు ఆ మౌనానికి హడలిపోయి, ప్రాణం బాగానే ఉందా అని మనిషిని పంపి కనుక్కున్నారు. రోజుకి ఇరవై నాలుగు గంటల్లో ఇరవై ఒక్క గంటలు ఆయన చెక్కమొద్దు. ఆ మూడు గంటలే మనిషి. మూడు గంటల కోసం కోళ్ళు కాస్త చిరాకు పడితే పడనీ, అలవాటవుతుందిలే, ఎండలు తగ్గితే సర్దుకుంటుందిలే, రేపు చెబుదాంలే అని, ఆ రేపుని పది రోజులు నెట్టుకొచ్చాడు. పదో రోజు భార్య మంచం అంచున కూర్చుని, "నాకు చేతకావడం లేదండీ," అంది. అంతే అంది. ఆయన గోడ వైపు చూశాడు. తల తిప్పడం ఒక్కటే ఆయన చెయ్యగలిగిన కదలిక, దాన్ని ఆ పనికి వాడాడు.

పదకొండో సాయంత్రం బావమరిది పనిమీద వచ్చాడు. షెడ్డు గుమ్మం దగ్గర వాడి చేతిలోంచి ఇనప బకెట్టు జారి పడింది. అదేమంత చప్పుడు కాదు. మంచి రోజుల్లో అయితే నాలుగు కోళ్ళు తల తిప్పి చూసుండేవి. ఆ రోజు నాలుగు వేల కోళ్ళు ఒక్కసారి లేచాయి.

మైకు కిటికీలోంచి చూశాడు. తెల్లటి అల ఒకటి షెడ్డు పొడుగూ దొర్లి, అవతలి మూలకి కొట్టుకుంది. వెనకవి ముందువాటి మీదికెక్కాయి. వాటి మీదికి ఇంకొన్ని. కుప్ప మనిషి నడుమంత ఎత్తు లేచింది. అడుగున ఉన్నవాటికి ఊపిరాడదు. భార్య, తమ్ముడు వెళ్ళి రెండు చేతులా పట్టి వెనక్కి విసురుతున్నారు. విసిరినవి విసిరినట్టే తిరిగొచ్చి కుప్ప మీద పడుతున్నాయి.

"నువ్వు వెళ్ళు," అన్నాడు మైకు తన నీడతో. "నువ్వు వెళ్ళి విడదియ్యి. నీకు దారిస్తాయి అవి."

నీడ వెళ్ళింది. మూడేళ్ళుగా ఏ నీడకి పాయలు తీసి దారిచ్చాయో ఆ నీడే, రెండు చేతులూ చాచి మూల వైపు నడిచింది. అరికాళ్ళ కింద అదురు మోకాళ్ళ దాకా పాకింది. నీడ అంచులు కందిరీగ రెక్కల్లా కొట్టుకుంటున్నాయి. అది ఒక అడుగు వేస్తే కోళ్ళు రెండడుగులు వెనక్కి, అంటే కుప్ప మీదికి, ఎక్కుతున్నాయి. ఇంకో అడుగు వేసింది. కుప్ప ఇంకా లేచింది.

అవి బకెట్టుకి భయపడి పారిపోవడం లేదు. నీడకి భయపడుతున్నాయి.

"ఆగు," అన్నాడు. ఆగలేదు. వరస పూర్తయితేగానీ అది తిరగదు. "ఆగవే, నీకు దండం పెడతా." పెట్టడానికి చేతులు లేవు.

అప్పుడు అరిచాడు. ఆ మనిషి జీవితంలో అరిచిన అరుపులన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. కిటికీ ఊచలు మోగాయి. ఆ అరుపుకి మేత దుకాణంలో తక్కెళ్ళు ఊగాయని, చాలా రోజుల తర్వాత కూడా వాటిల్లో తూకం సరిగ్గా నిలవలేదని చెబుతారు.

"ఒరేయ్ బావమరిదీ. డిమ్మరు పీకెయ్. తీగలు నేరుగా కలుపు."

వాడు కోళ్ళు రెండు చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "బావా, డిమ్మరు పీకితే నువ్వు—"

"తెలుసురా నాకు. కలుపు."

"అక్కా?" అన్నాడు వాడు.

ఆమె కిటికీ వైపు చూసింది. చీకట్లో ఉన్న కిటికీ, లోపల మనిషి కనిపించడు.

"ఆయన చెప్పింది చెయ్యి," అంది.

వాడు పరిగెత్తి పెట్టె మూత ఊడబీకాడు. దీపాలు ఒక్క క్షణం ఆరి మళ్ళీ వెలిగాయి. మనుషుల కంటికి ఏ తేడా లేదు, అదే రంగు, అదే వెలుగు. చాచిన చేతులు చాచినట్టే ఉండగా, నీడ లేదు.

కుప్ప పైనున్న కోడి ఒకటి ఒళ్ళు దులుపుకుంది. కిందికి దూకి, అటూ ఇటూ చూసి, నడుచుకుంటూ వెళ్ళిపోయింది. దాని వెనక ఇంకోటి. అల వచ్చినంత తొందరగానే వెనక్కి తీసింది. అడుగున అరవై మూడు మిగిలాయి, అవి లేవలేదు.

చాలాసేపటికి ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది. జుట్టు నిండా ఈకలు, చేతుల మీద గోళ్ళ గీతలు.

"మీకెలా తెలిసింది?"

దాచడానికి గోడ వైపు తిరగొచ్చు. తిరగలేదు. "బల్బులాయన చెప్పాడు, మొదట్లోనే. వెలుగు కొట్టుకుంటుందని. ఫోను పెట్టి చూస్తే చారలు కనిపిస్తాయన్నాడు. నాకు అరికాళ్ళలో తెలుస్తూనే ఉంది."

"పది రోజుల్నుంచా?"

"పదకొండు."

ఆమె జుట్టులోంచి ఈక ఒకటి లాగి పారేసింది. తర్వాత చచ్చిన కోళ్ళని గోనెల్లోకి ఎత్తడానికి వెళ్ళిపోయింది.

రెండు రోజులు ఆమె మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడం కొత్త కాదు గానీ, ఈ మాట్లాడకపోవడం వేరు, గదిలో అన్నంపళ్ళెం చప్పుడు కూడా పెద్దగా వినిపించే రకం. అయిదున్నరకి మాత్రం వచ్చి, అదే ఊపులో తిప్పి, దిండ్లు కుక్కి వెళ్ళేది. ఆయన కిటికీలోంచి చూసేవాడు. బల్బులాయన కంట్రోలరు తెచ్చి పెట్టాక షెడ్డంతా ఒకే వెలుగు, పళ్ళెంలో పోసిన పాలలాగా. అందులో ఆయన లేడు. ఏ డ్రింకరు కారుతోందో తెలియదు, ఏ మూల తడిసిందో తెలియదు. దీపాలు వెలగ్గానే గుమ్మం దగ్గర కొన్ని కోళ్ళు పాయ తీసి, కాసేపు ఖాళీగా ఉన్న దారి చూసి, మళ్ళీ కలుసుకునేవి. అదొక్కటి మాత్రం కనిపించేది.

మూడో సాయంత్రం ఆమె షెడ్డు నుంచి వచ్చి తిన్నగా వంటగదిలోకి వెళ్ళకుండా, స్టూలు మీద కూర్చుంది.

"మూడో వరసలో తొమ్మిదో డ్రింకరు కారుతోంది. బిగించాను," అంది. తడిచేతులు తుడుచుకుని, "అటు చివర గూళ్ళల్లో గడ్డి మార్చాను. నేల మీద గుడ్లు ఇవ్వాళ రెండే. రెండూ ఆ ఎర్ర తోకదే అయుంటుంది, దానికి పొగరు," అంది.

"ఎర్ర తోకదుందా మనకి?"

"మీరు చూసుండరు. మీరు నేల చూసేవారు."

ఆమె చెబుతూ పోయింది. ఏ ఫ్యాను కీచుమంటోందో, ఏ కోడి ఏ కోడి పక్కనే పడుకుంటుందో, బకెట్టు పెట్టడానికి తమ్ముడు ఇప్పుడు ఎలా దేవుడి విగ్రహంలా దించుతున్నాడో. ఆమెలో అన్ని మాటలు ఉన్నాయని ఆ ఇంటి గోడలకి కూడా అప్పటిదాకా తెలియదు. మైకు విన్నాడు. మధ్యలో అడ్డు తగల్లేదు. ఇది నమ్మరుగానీ, నిజంగానే తగల్లేదు.

చెబుతూనే ఆమె గిన్నెలో నీళ్ళు తెచ్చి, ఒళ్ళు తుడవడం మొదలుపెట్టింది. మొహం, మెడ, చేతులు. చివరికి దుప్పటి తొలగించి కాళ్ళ దగ్గరికి వచ్చి, ఆగిపోయింది.

"ఊక," అంది.

ఎడమ పాదం వేళ్ళ సందుల్లో ఊక ఉంది. మడమ కింద పక్కదుప్పటి మీద కూడా కాస్త రాలి ఉంది. మూడేళ్ళుగా ఆ పాదం గడప దాటలేదు. ఆమె ఒక్కో పొల్లూ గోటితో తీసి గిన్నె అంచుకి రాసింది. తర్వాత చెయ్యి నీళ్ళల్లో తడిపి, పాదాన్ని అరచేతిలో పట్టుకుంది.

"నీ చెయ్యి చల్లగా ఉంది," అన్నాడు మైకు.

గడ్డిపోచని మర్రిమానని చెప్పే మనిషి అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. గొంతు కూడా ఎంత చిన్నగా వచ్చిందంటే, ఆమె ఆయన మొహం వైపు చూడాల్సి వచ్చింది.

ఆమె చెయ్యి తియ్యలేదు. రెండో చెయ్యి కూడా తడిపి కుడి పాదం మీద పెట్టింది.

"ఇది?"

ఆయన కళ్ళు మూసుకుని వెతుక్కున్నాడు. జీవితంలో ఏ ప్రశ్నకీ జవాబు చెప్పడానికి అంతసేపు తీసుకోలేదు. కిటికీ అవతల ఒకే వెలుగులో నాలుగు వేల కోళ్ళు ఒక్కొక్కటే అరల మీదికి ఎక్కుతున్నాయి.

"ఇది తెలీడం లేదు," అన్నాడు.

"సరే," అంది ఆమె. రెండు చేతులూ అలాగే ఉంచింది.